పాటగాడు మనకు బాకీ లేడు

(2025 ఆగస్టు 6న మండల కేంద్రంలోని అంబేద్కర్ భవన్‌లో జరిగిన సంస్మరణ సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగానికి రాతరూపం.)

జై భీమ్!



నాకు ఇచ్చిన అంశం ‘గద్దర్ పాట - దళిత ఉద్యమం’. నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురు పెద్దలు పాట గొప్పతనం చెప్పారు. నేను మళ్లీ అదే చెప్పను. ఆ గొప్పతనం నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నాట్లు వేసేటప్పుడు పాడింది మీరు, నేను కాదు. ఇవాళ నేను పాడినవాడి గురించి కాదు, విన్నవాళ్ల గురించి మాట్లాడతాను. అంటే మన గురించి. గద్దర్ కొత్త పాట కట్టిన ప్రతిసారీ మనం ఏమన్నాం? కొత్త అడుగు వేసిన ప్రతిసారీ ఎట్లా నొసలు ముడిచాం? ఎందుకు ముడిచాం? ఇది కొంచెం కడుపులో మంట పుట్టించే మాట. నన్ను నేనే ముందు నిలబెట్టుకొని చెప్తాను. ఓపికగా వినండి.

దానికి ముందు ఈ తేదీ గురించి ఒక్క మాట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2023లో మళ్లీ అదే ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశాడు. మనకు పాటల దినం, చావుల దినం ఒక్కటే అయింది. ఊళ్లో దొరల పిల్లలకు పాటంటే పొద్దు పోవడానికి. మనకు అట్లా కాదు. ఎవరిని ఎక్కడ చంపారో పాఠ్య పుస్తకాల్లో రాయలేదు. కారంచేడు పేరు నేను బళ్లో వినలేదు, పాటలో విన్నాను. అందుకే పాట గురించి కొట్లాడుకోవడం చిల్లర పని కాదు.

గుమ్మిలో క్యాసెట్లు

మా నాయిన పటేలు ఇంట్లో జీతం ఉన్న మనిషి. సంతకం రాదు. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో సభ జరిగినప్పుడు మా వాడ నుంచి లారీ ఎక్కి పోయినవాళ్లలో ఆయన ఒకడు. అయిదేళ్ల అజ్ఞాతవాసం తర్వాత గద్దర్ జనంలోకి వచ్చిన సభ అది. లక్షల మంది వచ్చారు. రెండు రోజులు పని ఎగ్గొట్టినందుకు పటేలు జీతంలో కోత పెట్టాడు. నాయిన తిరిగొచ్చి చెప్పింది ఒక్కటే ముచ్చట: “జనం మీద జనం. పాట వినవడ్డది గని మనిషి కనవడలే.” మనిషిని చూడలేదన్న రంది ఆయన మొహంలో లేదు. పాట విన్నాడు, అది చాలు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

తర్వాత మా ఇంటికి ఒక పాత టేపు రికార్డరు వచ్చింది. ఖాళీ క్యాసెట్టు కొని మండలంలో షాపుకు తీసుకపోతే పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. మా ఇంట్లో ఉన్న మొదటి క్యాసెట్టుకు ఒక వైపు ఏసు ప్రభువు పాటలు, రెండో వైపు గద్దర్ పాటలు. అమ్మకు ఒక దిక్కు, నాయినకు ఒక దిక్కు. రీలు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పే పని నాది. పోలీసు జీపు వాడ దిక్కు తిరిగిందంటే అమ్మ క్యాసెట్లను గుడ్డలో చుట్టి జొన్నల గుమ్మిలో దాచేది. ప్రభువు పాటలు కూడా గుమ్మిలోకే పోయేవి, ఎందుకంటే అవి ఆ క్యాసెట్టు వెనుక ఉన్నాయి కదా! ఇప్పుడు నవ్వుతున్నారు, అప్పుడు నవ్వలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ పాట కోసం మనం కూడా ఎంతో కొంత పెట్టాం. జీతం కోత పెట్టుకున్నాం, భయం పడ్డాం, దాచాం. అందుకే పాటగాడి మీద మనకొక హక్కు ఉందనుకున్నాం. మన కోపానికి వేరు అక్కడుంది. అది ఉత్త తప్పని అనను. కానీ ఆ హక్కు ఎంతవరకు?

కొత్త పాట, పాత గొణుగుడు

వరుసగా చూడండి. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ 1972లో జననాట్యమండలితో మొదలుపెట్టి భూమి గురించి, కూలి గురించి, అడవి గురించి పాడాడు. బ్యాంకులో ఉద్యోగం ఉండె, 1984లో వదిలిపెట్టాడు. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ దళితులను పులులుగా నిలబెట్టి పాట కట్టాడు. మా సంఘం పెద్దలు చెప్పేవాళ్లు, ఆ పాట విని కొందరు సార్లు “వర్గం వదిలి కులం పట్టుకున్నాడేంది” అని గొణిగారట. ఇంకో దిక్కు మనవాళ్లే కొందరు “ఇన్నాళ్లకు యాదికొచ్చినమా” అన్నారట. ఒకే పాట, రెండు దిక్కుల నుంచి రాళ్లు. కానీ మాల పల్లెలో, మాదిగ గూడెంలో ఆ పాట విన్న పిల్లగాడు నడుము వంచి నడవడం మానేశాడు. గొణిగినవాళ్లు ఆ పిల్లగాణ్ణి చూడలేదు.

1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలో చెల్లెలి మీద అన్న పాడే పాట వచ్చింది. రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. మా హాస్టల్లో పెద్ద లొల్లి అయింది. ‘అన్న సినిమాకు అమ్ముడుపోయిండు’ అని ఒక జట్టు. ‘మంచిగున్నది కదరా’ అని ఇంకో జట్టు. నేను మొదటి జట్టు. పదహారేళ్ల వయసు, రోషం ఎక్కువ. ‘ఇందులో విప్లవం ఎక్కడున్నది?’ అని అడిగినవాణ్ణి నేనే. సెలవులకు ఇంటికి పోతే మా అక్క ఆ పాట పెట్టుకొని ఏడుస్తున్నది. ఆమెకు పద్నాలుగేళ్లకే పెళ్లి చేశాం. అత్తగారింటి నుంచి దెబ్బలు తిని వచ్చింది. కారు దిగి కట్నం ఇచ్చే అన్న కాదు, కాళ్ల కింద పడి ఉండే అన్న ఆ పాటలో ఉన్నాడు. విప్లవం ఎక్కడున్నదని అడిగిన నేను, అక్క మెట్టినింటికి ఒక్కసారి కూడా పోలేదు. విప్లవం పాటలో లేదా, నాలో లేదా? ఆ పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నాడు. అమ్ముడుపోయినవాడు అవార్డు వద్దంటాడా? ఈ ప్రశ్న మా జట్టులో ఎవరమూ వేసుకోలేదు.

1997 ఏప్రిల్ 6న ఇంట్లోకి వచ్చి కాల్చారు. ఒక తూటా చచ్చేదాకా వెన్నులోనే ఉంది. 1999లో భువనగిరిలో బెల్లి లలితను చంపి ముక్కలు చేశారు. మిల్లులో పనిచేసుకొని పాట పాడిన ఆడబిడ్డ. వినేవాళ్లం మనం కోట్లమందిమి, తూటా తినేది మాత్రం పాడినవాళ్లు. ఈ లెక్క యాది పెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

తర్వాత తెలంగాణ పాట వచ్చింది. 2011లో ‘జై బోలో తెలంగాణ’ సినిమాలో పొద్దు పొడుపు పాట ఆయనే పాడాడు. ధూంధాంలలో ఆ పాట లేని రాత్రి లేదు. అప్పుడు గొణుగుడు తక్కువ, చప్పట్లు ఎక్కువ. ఎందుకు? ఆ పాట మనల్ని ఏమీ అడగలేదు, మనం అప్పటికే అనుకుంటున్నదే చెప్పింది. ఒక సంగతి గమనించండి. పాట మన వెంట వస్తే మెచ్చుకుంటాం, మనల్ని తన వెంట రమ్మంటే అలుగుతాం.

గొంగడి తీసి కోటు వేసుకుంటే

ఇక చివరి ఏళ్లు. 2017 నుంచి మనిషి మారాడు. ఎర్ర జెండా పక్కకు జరిగింది. చేతిలో రాజ్యాంగం, నోట్లో బుద్ధుడు, అంబేద్కర్. గోచీ, గొంగడి, గజ్జెలు విడిచి ప్యాంటు, కోటు తొడిగాడు. యాదగిరిగుట్ట ఎక్కి దేవుడి ముందు నిలబడ్డాడు. 2018 డిసెంబర్‌లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023 జూన్‌లో పార్టీ పెడతానన్నాడు, జులైలో ఖమ్మం కాంగ్రెస్ సభలో కనిపించాడు. ఆగస్టులో పోయాడు.

ఆ ఆరేళ్లలో ఆయన పాత అభిమానులు తిట్టినట్టు శత్రువులు కూడా తిట్టలేదు. వాళ్లలో నేనొకణ్ణి. గుట్ట ఫొటో పేపర్లో చూసిన రోజు ఇంటికొచ్చి అటక ఎక్కి, నాయిన క్యాసెట్ల పెట్టె మూలకు తోశాను. ‘ఇక ఈ ఇంట్లో ఆయన పేరు తీయొద్దు’ అన్నాను. నాయిన అప్పటికి లేడు. అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉంది. తల ఎత్తకుండానే అన్నది:

“ఆయన నీకేమన్న బాకి ఉన్నడారా? పాడిండు. తూటా తిన్నడు. నువ్వేం జేసినవ్? బడికి వోయి జీతం దెచ్చుకున్నవ్.”

నాకు జవాబు రాలేదు. ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ రాలేదు. ఈ ప్రసంగం ఆ జవాబు వెతుక్కోవడమే అనుకోండి.

ముందు కోటు సంగతి తేల్చుకుందాం. గొంగడి వేసుకున్నప్పుడు ‘అచ్చమైన జన గాయకుడు’ అన్న పెద్దమనుషులు, కోటు వేసుకోగానే ‘చెడిపోయాడు’ అన్నారు. వాళ్లకు గొంగడి ఎందుకు ఇష్టమో తెలుసా? వాళ్లెవరూ గొంగడి కప్పుకోలేదు కాబట్టి. ఒంటి మీద బట్ట లేని దళితుణ్ణి చూసి కన్నీళ్లు పెట్టుకునేవాడికి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న దళితుడు ఎదురుపడితే కళ్లు మండుతాయి. బాబాసాహెబ్ కోటు ఊరికే వేసుకోలేదు. మంచి బట్ట కట్టినందుకు మన తాతలను తన్నిన దేశం ఇది. కాబట్టి కోటు మీద రాయి వేయకండి, ఆ రాయి అంబేద్కర్ విగ్రహానికి కూడా తగులుతుంది.

గుడి సంగతి వేరు. అక్కడ నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివినవాణ్ణి నేను. గుట్ట ఎక్కడం తప్పనే అంటాను. ఓటు మాత్రం ఒప్పు, అది మన తాతలకు లేని ఆయుధం. పార్టీల వేదికలు ఎక్కడం మీద ఎవరి లెక్క వారిది. చూశారా, ఒక్కొక్కటి విడివిడిగా తూస్తే కోపం కూడా విడివిడిగా వస్తుంది. మనం అట్లా తూయలేదు. కోటు, గుడి, ఓటు, పార్టీ అన్నీ ఒక్క మూట కట్టి, ఆ మూటకు ‘ద్రోహం’ అని పేరు పెట్టి, దాంతోపాటు నలభై ఏళ్ల పాటను కూడా పారేశాం. విమర్శ చేయడం వేరు, చేయి కడుక్కోవడం వేరు.

‘యూదా’ అని అరిచిన మనిషి

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో బాబ్ డిలాన్ అని ఒక పాటగాడున్నాడు. తనే రాసి తనే పాడతాడు. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం లక్షల మంది కదిలిన రోజు, మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వేదిక మీదే ఈయన పాడాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. 1965 జులైలో న్యూపోర్ట్ అనే చోట మామూలు గిటారు పక్కన పెట్టి కరెంటు గిటారు పట్టుకున్నాడు. పాత అభిమానులు కేకలు వేశారు. మరుసటి ఏడు మే నెలలో ఇంగ్లండులో మాంచెస్టర్ హాల్లో ఒకడు చీకట్లోంచి ‘యూదా!’ అని అరిచాడు. చర్చికి పోయే అమ్మలకు ఆ పేరు చెప్పక్కర్లేదు. ముప్పై వెండి నాణేలకు ప్రభువును అప్పగించిన యూదా ఇస్కరియోతు. పాటగాడు ఆగలేదు, ఇంకా గట్టిగా వాయించాడు. 2016లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

మాంచెస్టర్‌లో అరిచినవాడు, అటక మీద పెట్టె తోసిన నేను, ఇద్దరం ఒక్కటే. కానీ ఇద్దరు పాటగాళ్లు ఒక్కటి కాదు. డిలాన్ ఉద్యమ పాట వదిలితే వెళ్లడానికి లోకమంతా ఉంది. అది తెల్లవాడి లోకం. మన పాటగాడు ఒక గుడారం వదిలితే ఇంకో గుడారంలో బువ్వ పెట్టేవాళ్లుండరు. ఎర్ర జెండా అన్నలు ‘మా వాడు కాదు’ అంటారు, నీలి జెండా వాళ్లం ‘నిన్నటిదాకా ఎక్కడున్నవ్’ అంటాం. వెన్నులో తూటా మాత్రం అక్కడే ఉంటుంది.

అసలు మన కోపం ఎందుకు? నాకు తోచింది చెప్తాను. మనం చేయని పని పాటగాడు చేస్తుంటే మనం చేసినట్టే ఉంటుంది. నేను తహశీల్దారు ముందు నోరు తెరవలేదు, కానీ నా జేబులో క్యాసెట్టు ఉంది. నేను అక్క ఇంటికి పోలేదు, కానీ పాట విని కన్నీళ్లు పెట్టాను. ఆయన అడవిలో ఉన్నన్నాళ్లు నేను కూడా వీరుణ్ణే. ఆయన అలిసిపోయి కూర్చుంటే నా వీరత్వం కూడా నేల మీద కూర్చుంటుంది. అది నేను తట్టుకోలేను. అందుకే ‘లే, పాడు, పాత పాటే పాడు, చచ్చేదాకా నిలబడు’ అంటాను. ఇది అభిమానం కాదు తమ్ముళ్లారా. ఇది జీతగాణ్ణి పెట్టుకోవడం. మా నాయిన పటేలుకు జీతం ఉన్నట్టు, మన ధైర్యానికి పాటగాణ్ణి జీతం పెట్టుకున్నాం. రెండు రోజులు పనికి రాకపోతే కోత పెట్టాం.

అట్లాగని దండ వేసి దండం పెట్టమని నేను చెప్పడం లేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించాడు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి అన్నాడు. భక్తుడికీ రాయి వేసేవాడికీ తేడా తక్కువ. ఇద్దరికీ మనిషి అక్కర్లేదు, బొమ్మ కావాలి. ఒకడు బొమ్మకు పాలు పోస్తాడు, బొమ్మ కదిలితే ఇంకొకడు పగలగొడతాడు.

బొమ్మ చేసే పని సర్కారు కూడా బాగా చేస్తుంది. ఏ పాటగాడి వెంట పోలీసులు పడ్డారో, ఆయన శవానికి పోలీసు లాంఛనాలు చేశారు. అల్వాల్‌లో తను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో మట్టిలో కలిపారు. నంది అవార్డు వద్దన్న మనిషి పేరు మీదే ఇప్పుడు సినిమా అవార్డులు పెట్టారు, మొన్న జూన్‌లో పంచారు. పేరు నిలబడ్డందుకు సంతోషమే. కానీ పేరు మీద బంగారు పూత పూసి పాటను పెట్టెలో పెడితే, అది నేను అటక మీద చేసిన పనే. నాది చిన్న పెట్టె, సర్కారుది పెద్ద పెట్టె.

డీజే ముందు కూర్చున్న తాత

ఇక మన పిల్లల మాట. పోయిన ఏప్రిల్ 14న మా వాడలో జయంతి చేశాం. డీజే పెట్టారు. గద్దర్ పాటను సినిమా దరువులో కలిపి వేశారు. పెద్దలకు కోపం వచ్చింది. ‘పాటను ఖరాబు చేసిన్రు’ అన్నారు. పిల్లలు ‘మీకు తెల్వదు’ అన్నారు. నేను పిల్లల మీద కేకలు వేయలేదు, ఎందుకంటే 1995లో నా కేకలు నాకు యాదికున్నాయి. గద్దర్ కూడా అమ్మలక్కల పాటల వరసలు తీసుకొని కొత్త మాట పెట్టినవాడే. అప్పుడు ‘మా వరస చెడగొట్టినవ్’ అని ఏ ముసలమ్మా కేసు పెట్టలేదు. పాట మారుతుంది, మారాలి.

కానీ డీజే బండి పక్కన అరుగు మీద ఒక తాత కూర్చొని ఉన్నాడు. పెద్ద మాదిగ. యాభై ఏళ్లు డప్పు కొట్టిన చేతులు. పక్కన డప్పు బోర్లా పెట్టి ఉంది. ఎవరూ పిలవలేదు. “తాతా, కొట్టలేదా?” అంటే “నా డప్పు వాని డబ్బాల వడ్డది బిడ్డా” అన్నాడు. గద్దర్ పాట నిలబడ్డది ఆ డప్పు మీద. వేదిక మీద పాడినవాడి పేరు లోకానికి తెలుసు, డప్పు కొట్టినవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు మనకు? కోరస్ పాడిన ఆడపిల్లల పేర్లు? ఆ దళాలకు అర్ధరాత్రి జొన్న రొట్టె కాల్చి పెట్టిన తల్లుల పేర్లు? పాటగాడు మనకు బాకీ లేడు. మనం మాత్రం చాలామందికి బాకీ ఉన్నాం.

ఆ బాకీ తీర్చే పని చెప్పి ముగిస్తాను.

ఒకటి. వచ్చే జయంతికి డీజే పెట్టుకుంటే పెట్టుకోండి. దానికంటే ముందు మన వాడ డప్పు కొట్టాలి. డీజేకు ఇచ్చే డబ్బులో సగమైనా డప్పు కళాకారుల చేతిలో పెట్టాలి. సారా సీసా కాదు, డబ్బు. అందరి ముందు, దండ వేసి.

రెండు. హాస్టలు పిల్లలు ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకం పెట్టండి. అమ్మమ్మ, నాయినమ్మ పాడే పాటలు రాయండి. ఎవరు పాడారో పేరు రాయండి. ఫోన్లో రికార్డు చేయండి. వాళ్లు పోతే ఆ పాటలు పోతాయి, అటక మీద పెట్టె కూడా ఉండదు.

మూడు. పాత పాటలు పాడండి, కానీ ఏడాదికి ఒక్క కొత్త పాటైనా మన వాడ కట్టాలి. మన భూమి పట్టా గురించి, మన పిల్లకు రాని స్కాలర్‌షిప్ గురించి, మన అక్క మీద పడ్డ దెబ్బ గురించి. రాగం కుదరకపోతే కుదరకపోయె. పాట మనం కట్టిననాడు పాటగాడి మీద అలక ఉండదు, ఎందుకంటే పాట ఎంత బరువో మనకు తెలుస్తుంది.

నా సంగతి. గద్దర్ పోయిన మర్నాడు అటక ఎక్కాను. పెట్టె దింపాను. క్యాసెట్లు బూజు పట్టాయి, రీలు అంటుకపోయింది. పెన్సిలు పెట్టి తిప్పితే తెగింది. టేపు రికార్డరు ఎప్పుడో పోయింది. పెట్టె ముందు వేసుకొని కూర్చున్నాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. పొయ్యి ఊదుకుంటూ ఆ పాట అందుకుంది. మధ్యలో రెండు మాటలు మార్చింది, ఒకచోట మా నాయిన పేరు పెట్టింది. అది తప్పని నేను చెప్పలేదు.

జై భీమ్!